వెనక తలుపు గొలుసు

సొంత పెళ్ళాం మీద అసూయపడే మగవాడి అవస్థ పగవాడికి కూడా రాకూడదు. పక్కింటివాడి మీద కుళ్ళుకున్నామనుకోండి, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ పెళ్ళాంతో చెప్పుకోవచ్చు. ఆవిడ మనకంటే రెండు మాటలు ఎక్కువే తిడుతుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. తోడల్లుడి మీదైతే కాస్త చూసుకుని చెప్పాలి, అంతే. కానీ కుళ్ళు పెళ్ళాం మీదే అయితే ఎవరితో చెప్పుకుంటాడు? కంచంలో వడ్డించేదీ ఆవిడే, కడుపులో మంట పెట్టేదీ ఆవిడే.

తాళాలయ్య పరిస్థితి సరిగ్గా అదే.

తాళాలయ్య అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, బడి పెట్టిన పేరు. అసలు పేరేమిటో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ బడికి అతను కేర్‌టేకరు. నడుముకి గుత్తి వేలాడేసుకుని వరండాలో నడుస్తుంటే, ఆ గలగల విని చిన్న తరగతుల్లో అల్లరి దానంతటదే సద్దుమణిగేది. మోటారు గది, నీళ్ళ ట్యాంకు మూత, ల్యాబు బీరువా, మేడ మీద తలుపు, హాలు, హాలు వెనక తలుపు, ఏది తీయాలన్నా అతను రావాలి. అతను వచ్చేదాకా ఎంత చదువుకున్నవాళ్ళయినా గుమ్మం ముందు నిలబడాలి. అతనికి ఆ నిలబడటం చూస్తే కడుపు నిండేది.

అతని భార్యా అదే బళ్ళో పనిచేస్తుంది. కాగితాల మీద ఇద్దరూ కేర్‌టేకర్లే. పనిలోకి వచ్చేసరికి మాత్రం చీపురూ బకెట్టూ ఆమెవి, తాళాలూ నిచ్చెనా అతనివి. ఈ పంపకం ఎవరు చేశారంటే, ఇంకెవరు, అతనే చేశాడు.

ఆ మధ్య పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. బడి భవనం బాధ్యత చూసే కేర్‌టేకరు ఆరోగ్యం, భద్రత శిక్షణకి వెళ్ళి, పరీక్ష పాసై సర్టిఫికెట్టు తెచ్చుకోవాలట. హెడ్మిస్ట్రెస్సుని బళ్ళో అందరూ పెద్దమేడం అంటారు. పెద్దమేడం మొదట తాళాలయ్యనే పిలిచింది. అప్పుడు తాళాలయ్య ఒక నవ్వు నవ్వాడు చూశారూ, ఆ నవ్వే అతని కొంప ముంచింది.

"మేడం, ఈ బిల్డింగుకి పునాది తవ్వేటప్పట్నుంచీ నేనిక్కడున్నాను. నిచ్చెన ఎలా ఎక్కాలో నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. కాగితమే కావాలంటే మా ఆవిణ్ణి పంపండి. పాపం దానికీ ఓ పూట కుర్చీలో కూర్చునే యోగం పడుతుంది."

వేళాకోళానికి అన్న మాటని పెద్దమేడం నిజంగానే పట్టుకుంది. మర్నాటికల్లా అతని భార్య పేరు శిక్షణకి వెళ్ళిపోయింది.

మొదట్లో తాళాలయ్యకి అదంతా మంచి కాలక్షేపంగా ఉండేది. టీ కొట్టు దగ్గర, "మా ఆవిడ ఊడవడం నేర్చుకోడానికి కాలేజీకి పోతోందండోయ్" అని చెప్పి నలుగుర్నీ నవ్వించేవాడు. ఆమె సాయంత్రాలు స్టవ్వు పక్కన పుస్తకం పెట్టుకుని చదువుకుంటుంటే, "కూర మాడితే సర్టిఫికెట్టు నంజుకుంటామా?" అనేవాడు. ఆమె నవ్వేది. కూర ఒక్కనాడూ మాడలేదు. అదీ అతనికి తర్వాత తర్వాత నచ్చడం మానేసింది.

ఏకు మేకవడం అంటారే, అది ఒక్క రోజులో జరగదు. మొదటి దెబ్బ సీసాల మీద పడింది. పెద్ద డబ్బాల్లో వచ్చే ఫినాయిలూ, యాసిడ్డూ, బ్లీచింగూ ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లోకి ఒంపుకుని వాడటం తాళాలయ్య పద్ధతి. మూత తీసి వాసన చూసి ఏది ఏదో చెప్పేసేవాడు, అదొక విద్య అనుకునేవాడు. ఆమె ఒక పొద్దున్నే ఆ సీసాలన్నీ ఖాళీ చేసి, దేని డబ్బాలోకి దాన్ని చేర్చి, డబ్బాల మీద పెద్ద అక్షరాలతో పేర్లు రాసి, యాసిడ్డుని ఒక మూలా బ్లీచింగుని ఇంకో మూలా పెట్టి, స్టోరు గదికి గొళ్ళెం బిగించింది.

"ఏది ఏదో నాకు తెలీదా?" అన్నాడు తాళాలయ్య.

"మీకు తెలుసు. దాహమేసిన పిల్లలకి తెలీదుగా" అంది ఆమె.

ఆమె తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. జవాబు లేని మాట అన్నందుకు అతనికి ఒళ్ళు మండిపోయింది.

తర్వాత నిచ్చెన. నిచ్చెన కొసమెట్టు మీద ఒంటికాలితో నిలబడి ట్యూబులైటు మార్చడం తాళాలయ్య ఘనకార్యాల్లోకెల్లా పెద్దది. కింద టీచరమ్మలు చేరి, "అయ్యో, జాగ్రత్త తాళాలయ్యా" అనేవారు. ఆ అయ్యో వినడానికే అతను బాగున్న లైట్లు కూడా అప్పుడప్పుడు మార్చేవాడని నా అనుమానం. ఇప్పుడు ఆమె వచ్చి కింద నిచ్చెన పట్టుకుంటోంది, కొసమెట్టు దాకా ఎక్కనివ్వడం లేదు. లైటు మారుతోంది. అయ్యో మాత్రం వినపడటం లేదు.

ఆమె పరీక్ష పాసైంది. పాసవడం కూడా మామూలుగా కాదు, ఆ బ్యాచిలో అందరికంటే ముందు. పొద్దుటి ప్రార్థన దగ్గర పెద్దమేడం ఆమెని పైకి పిలిచి సర్టిఫికెట్టు చేతిలో పెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తాళాలయ్యా కొట్టాడు. కొట్టకపోతే బాగోదు కదా. చేతులు చప్పట్లు కొడుతున్నాయి, లోపల మాత్రం ఎవరో కారం దంచుతున్నారు. అక్కడ నిలబడాల్సింది తను. ఆ కాగితం తన కాళ్ళ దగ్గరికి వచ్చింది, తనే కాలితో తన్నేశాడు. తన్నేసిన దాన్ని ఆమె తీసుకుని కళ్ళకద్దుకుంది, అందులో ఆమె తప్పేముంది? ఏమీ లేదు. తప్పు లేనివాళ్ళ మీద వచ్చే కోపానికి మందు లేదు.

ఆ రోజే డ్రిల్లు మాస్టారు ఆమెకి సేఫ్టీ మేడం అని పేరు పెట్టాడు. పిల్లలకి ఇంకేం కావాలి, సాయంత్రానికల్లా బడంతా సేఫ్టీ మేడమే. ఆదివారం ఇంటికొచ్చిన బావమరిది, అంటే ఆమె తమ్ముడు, గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"బావా, ఇకమీదట నువ్వు అటక మీదికెక్కాలన్నా మా అక్క సంతకం కావాలటగా!"

తాళాలయ్య నవ్వాడు. బావమరిది వేళాకోళమాడితే నవ్వాలి, అది రివాజు. కానీ ఆ పూట అన్నం ఎప్పటంత దిగలేదు.

అన్నిటికంటే పెద్ద పోటు ఒక పిల్లవాడి తల్లి పొడిచింది. గేటు దగ్గర అతన్ని ఎగాదిగా చూసి, "మీరు సేఫ్టీ మేడం గారి ఆయన కదూ?" అంది. అంతే, అంతకంటే ఏమీ అనలేదు. ఆమె మర్యాదగానే అడిగింది. తాళాలయ్య అవునని తలూపి, మోటారు గదిలోకి వెళ్ళి, చేసే పనేమీ లేకపోయినా చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

భార్యకి ఇదేమీ తెలియదా అంటే, ఏదో ఉందని మటుకు తెలుసు. "మీరూ రాయకూడదూ? నేను చెబుతాను, తేలికే" అంది ఒకనాడు ప్రేమగా. ప్రేమగా అనడమే వచ్చిన చిక్కు. "నువ్వు నాకు చెబుతావా?" అని అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు. మళ్ళీ ఆమె ఆ ఊసెత్తలేదు.

ఇలా ఉండగా వార్షికోత్సవం దగ్గరపడింది. పెద్దమేడం ఇద్దర్నీ గదిలోకి పిలిచింది.

"బిల్డింగు ఛార్జి ఇకనుంచి ఒక్కరి చేతిలోనే ఉండాలి. తాళాలూ వాళ్ళవే, మాటా వాళ్ళదే. సర్టిఫికెట్టు ఆవిడకుంది, అనుభవం నీకుంది. ఆవిడ కాగితం గోడకి పెట్టేసి, పని నీ చేతే నడిపించొచ్చని బడి కమిటీలో కొందరంటున్నారు. వార్షికోత్సవం కానీండి, చూసి చెబుతాను" అంది.

కాగితం గోడకి, తాళాలు తనకి. ఆ మాట వినగానే తాళాలయ్యకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ గదిలోంచి బయటికి రాకముందే అతని భార్య ఇంకో మాట అంది.

"మేడం, హాలు వెనక తలుపుకి ఈసారి గొలుసు వెయ్యకూడదండీ. లోపల జనం ఉన్నంతసేపూ అది తోస్తే తెరుచుకోవాలి."

ఆ గొలుసు సంగతి చెప్పాలి. హాల్లో ఏ కార్యక్రమం జరిగినా వెనక తలుపుకి గొలుసు చుట్టి తాళం వేయడం తాళాలయ్య ఆనవాయితీ. ఊరికే పెట్టుకున్నది కాదు. ఎప్పుడో ఒక చంటి పాప స్టేజి వెనక నుంచి జారుకుని, గేటు దాటి రోడ్డు మీద దొరికింది. అప్పట్నుంచి గొలుసు. అప్పుడు అందరూ, ఈ పెద్దమేడంతో సహా, తాళాలయ్య ముందుచూపుకి మెచ్చుకున్నారు. ఇప్పుడు అదే గొలుసుని తప్పంటోంది, అదీ ఎవరు, తను ఎక్కించిన కుర్చీలో కూర్చుని చదువుకొచ్చిన మనిషి.

"మరి పిల్లలు జారిపోతే?" అన్నాడు.

"తలుపు దగ్గర మనిషిని పెడదాం. డ్రిల్లు మాస్టారు ఉంటానన్నారు. మనిషైతే అవసరమొచ్చినప్పుడు తలుపు తీస్తాడు, గొలుసు తియ్యదుగా."

పెద్దమేడం ఆలోచించి, గొలుసు తాళం తీసుకుని తన సొరుగులో పడేసింది. తాళాలయ్య కుక్కిన పేనులా ఊరుకున్నాడు.

పైకి ఊరుకున్నాడు. వార్షికోత్సవం నాడు పొద్దున ఆమె స్టేజి ముందు కుర్చీల మధ్య దారులు కొలుస్తుంటే, అతను ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె తాళం ఊడదీసుకొచ్చాడు. స్టోరులోంచి గొలుసు పట్టుకొచ్చాడు. స్టేజి తెర వెనక్కి చేరి, వెనక తలుపుకి గొలుసు చుట్టి, ఆ తాళం బిగించి, చెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. అతని లెక్క తేలికైనది. ఆమె తలుపు పొద్దున్నే చూసేసింది, ఇక చూడదు. డ్రిల్లు మాస్టారు బయటి వైపు నిలబడతాడు, అతనికి కనపడదు. కార్యక్రమం ఏ గొడవా లేకుండా అయిపోతుంది. అప్పుడు పెద్దమేడాన్ని తీసుకొచ్చి, "చూశారా మేడం, గొలుసు వేసే ఉంది, ఏమైంది? ఏమీ కాలేదు. ఇదీ ఆ చదువు సంగతి" అంటాడు. ఛార్జి అతనికొస్తుంది.

ఆ హాలు నిండా పిల్లలుంటారని అతనికి తెలియదా? తెలుసు. చెడ్డవాడా? కాదు. కానీ అసూయ కళ్ళకి అడ్డమొస్తే మనిషికి ఎదుటివాళ్ళ ఓటమి ఒక్కటే కనపడుతుంది. పిల్లలు కనపడరు.

తల్లిదండ్రులు హాలు బయట చేరారు. రంగులు పూసుకుని, అట్ట కిరీటాలు పెట్టుకున్న పిల్లలు ఎండలో వరసగా నిలబడ్డారు. ముఖ్య అతిథి కారు గేటు దగ్గరికి వచ్చింది. సరిగ్గా అప్పుడు తాళాలయ్య భార్య, జనాన్ని లోపలికి వదిలే ముందు, హాలంతా ఇంకోసారి చుట్టివచ్చింది. పొద్దున చూసింది పొద్దుటికే చెల్లుతుంది, జనం అడుగుపెట్టే ముందు మళ్ళీ చూడాలి. అది ఆమెకి శిక్షణలో నేర్పిన మొదటి పాఠం. తాళాలయ్య వెళ్ళి ఉంటే అతనికీ తెలిసేది.

ఆమె బయటికొచ్చి హాలు ముందు తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మేడం, వెనక తలుపుకి తాళం పడి ఉంది. అది తీసేదాకా ఎవర్నీ లోపలికి పంపలేను."

పెద్దమేడం మొహం మాడిపోయింది. "ఇప్పుడా చెప్పడం? అతిథి గారొచ్చేశారు. ఒక్క పూటకి ఏమైపోతుంది? మీ ఆయన ఇన్నేళ్ళూ వేశాడుగా!"

"వేశారు మేడం. ఇన్నేళ్ళూ ఏమీ జరగలేదు, అది మన అదృష్టం. ఈ పూట కూడా ఏమీ జరగదేమో. కానీ జరిగితే ఇంతమందీ ఒక్క తలుపు మీద పడతారు. మీరు పంపాలనుకుంటే పంపండి, నేను మాత్రం తలుపు వదలను. ఈ ఒక్క మాట కూడా చెల్లకపోతే ఆ సర్టిఫికెట్టు నాకెందుకు, గోడకే పెట్టుకోండి."

జనంలో గొణుగుడు మొదలైంది. "ఎండలో పిల్లల్ని నిలబెట్టి ఈవిడ పెత్తనమేంటండీ?" అని ఎవరో గట్టిగానే అన్నారు. తాళాలయ్య కాస్త దూరంలో, స్తంభం పక్కన నిలబడి అంతా వింటున్నాడు. నిజం చెప్పాలంటే మొదట అతని మనసు గంతులేసింది. పెద్దమేడానికి కోపం వచ్చింది, జనానికి విసుగొచ్చింది, ఆమె పని ఇక అయిపోయినట్టే. తను ఏమీ చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు.

పెద్దమేడం ఇటు తిరిగింది. "తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తాళాలయ్య చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. వెంటనే దించేశాడు.

"తెలీదు మేడం. పొద్దున డ్రామా సామాన్లవాళ్ళు వేసుంటారు. అది మన తాళం కాదు" అన్నాడు.

అప్పుడు ఆమె అతని వైపు చూసింది. ఆ చూపు తగలగానే తాళాలయ్యకి అర్థమైంది. పెళ్ళైన కొత్తల్లో ఇద్దరూ కలిసి కొనుక్కున్న పెట్టెకి ఆ తాళం. ఆమె రోజూ ఆ పెట్టె తీస్తుంది, వేస్తుంది. ఆ తాళాన్ని ఆమె చీకట్లో తడిమినా గుర్తుపడుతుంది. బళ్ళో ఏ తలుపు తాళం ఏదో చెప్పగలిగిన మనిషి, సొంత ఇంటి తాళం ఎవరు గుర్తుపడతారో మర్చిపోయాడు.

ఇప్పుడు చెబుతుంది, అనుకున్నాడు. ఇంతమంది ముందు చెబుతుంది.

"చెవి లేకపోతే పగలగొట్టాలి. సుత్తి పట్టుకురండి" అంది ఆమె.

తేలు కుట్టిన దొంగలా తాళాలయ్య వెళ్ళి సుత్తి తెచ్చాడు. పెద్దమేడం, డ్రిల్లు మాస్టారు, ఆమె, అతని వెనకే తలుపు దాకా వచ్చారు. అతను వంగి ఒక దెబ్బ వేశాడు. ఆ పాత తాళం గట్టిది, కదల్లేదు. ఇంకా వంగి రెండో దెబ్బ వేశాడు. ఆ ఊపుకి జేబులోంచి తాళంచెవి జారి నేల మీద పడింది.

సుత్తి చప్పుడులో అది ఎవరికీ వినపడలేదు. అతనికి కనపడింది. ఆమెకీ కనపడింది. ఆమె ఒక్కడుగు ముందుకు వేసి దాని మీద చెప్పు పెట్టింది.

"ఆగారేం? కొట్టండి. పిల్లలు ఎండలో ఉన్నారు" అంది.

తాళాలయ్య కొట్టాడు. తన తాళాన్ని, తన సుత్తితో, తన చెవిని తన పెళ్ళాం కాలికింద పెట్టుకుని నిలబడి ఉండగా, చెమటలు కారేలా కొట్టాడు. అంత కష్టపడి అతను ఏనాడూ ఏ తాళమూ తీయలేదు. చివరికి అది విరిగింది. గొలుసు జారింది. ఆమె తలుపు తోసి చూసింది, బయటి వెలుతురు లోపలికి పడింది. అప్పుడు జనాన్ని వదిలారు.

కార్యక్రమం బాగా జరిగింది. ఏమీ కాలేదు. పాటలు పాడారు, ఒక కిరీటం ఊడిపోయింది, అతిథి కాస్త ఎక్కువసేపే మాట్లాడాడు. తాళాలయ్య మాత్రం ఏదీ చూడలేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడి, కాలిపోతున్నాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నలుగురిలో పరువు తీసి ఉంటే, తను మంచివాడూ ఆమె గయ్యాళీ అయ్యేవాళ్ళు. కానీ ఆమె కాపాడింది. సర్టిఫికెట్టే కాదు, ఇప్పుడు పెద్దరికం కూడా ఆమెదే అయింది. తనకి మిగిలిందేమిటి?

అప్పుడు అతని బుర్రలో ఒక ఆలోచన పాకింది. పెద్దమేడం దగ్గరికెళ్ళి నిజం చెప్పేస్తే? చెవి తన జేబులోదే, అది చూసి కూడా సేఫ్టీ మేడం గారు కాలికింద దాచారు అని చెప్పేస్తే? తను మునుగుతాడు, నిజమే. కానీ ఆమెనీ ముంచుతాడు. పైగా చూసేవాళ్ళకి తను నిజాయితీపరుడిలా ఉంటాడు. ఆ ఆలోచన అతనికి ఎంత తియ్యగా ఉందంటే, అది తియ్యగా ఉన్నందుకు అతనికే భయమేసింది. భయమేసినా వదల్లేదు.

జనం వెళ్ళిపోయాక పెద్దమేడం ఇద్దర్నీ గదికి పిలిపించింది. తాళాలయ్య నోట్లో మాట సిద్ధంగా ఉంది.

"ఛార్జి ఎవరికో ఇవాళ నాకు తెలిసిపోయింది" అంది పెద్దమేడం ఆమె వైపు చూస్తూ. "నాకు కోపం వచ్చిన మాట నిజం. నేను పంపెయ్యమన్నా పంపలేదు చూడు, అదే కావాలి. తీసుకో."

"తీసుకునే ముందు ఒకటి చెప్పాలి మేడం" అంది ఆమె. "ఆ తాళం మా ఇంట్లోది. వేసింది మా ఆయన. చెవి ఆయన జేబులోంచి పడితే నేను కాలితో కప్పాను. అప్పుడు అక్కడ గొడవైతే తలుపు తియ్యడం ఆలస్యమవుతుందని కప్పాను. అదొక్కటే అంటే అబద్ధం. నా మొగుడని కూడా కప్పాను. దాచిపెట్టి ఛార్జి తీసుకుంటే నేను చదివింది దండగ."

తాళాలయ్య నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఆఖరికి ఆ ముక్క కూడా ఆమే ముందు చెప్పేసింది.

పెద్దమేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఏమయ్యా?"

"ఒక్క నిమిషం మేడం, నేనడుగుతాను" అంది ఆమె. "ఎవరు చేశారన్నది ఆఖర్న చూడాలని మాకు నేర్పారు. ముందు ఎందుకు జరిగిందో అడగాలి. మొదటి జవాబు దగ్గర ఆగకూడదు." అతని వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, పని ఉంది. "ఎందుకు వేశారు?"

"పిల్లలు జారిపోతారని."

"అక్కడ మాస్టారు ఉంటారని మీకు తెలుసు. అయినా ఎందుకు వేశారు?"

"గొలుసున్నా ఏమీ కాదని మేడానికి చూపిద్దామని."

"ఎందుకు చూపించడం?"

"నీ చదువుకి విలువ లేదని తేలాలని."

ఆమె గొంతు కాస్త తగ్గింది. "ఎందుకు తేలాలి?"

తాళాలయ్య పెద్దమేడాన్ని చూశాడు, కిటికీని చూశాడు, ఎటూ దారి లేక చివరికి పెళ్ళాన్ని చూశాడు.

"కుళ్ళు" అన్నాడు. "నీ మీద కుళ్ళు నాకు. నువ్వు డబ్బాల మీద పేర్లు రాసిన రోజు నుంచీ. నిద్రపట్టడం లేదు. ఇంకెన్నిసార్లు అడిగినా ఇదే. దీని కింద ఇంకేమీ లేదు."

పెద్దమేడం ఏదో అనబోయి, మానేసి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"ఛార్జి ఆవిడదే" అంది. "నువ్వు వచ్చే బ్యాచిలో శిక్షణకి వెళ్తున్నావు. పాసయ్యేదాకా ఈ బళ్ళో ఏ తాళమూ ముట్టుకోకూడదు. గుత్తి ఇలా పెట్టు."

తాళాలయ్య నడుము దగ్గర కొక్కెం తడుముకుని గుత్తి తీశాడు. బల్ల మీద పెట్టబోయి, ఆగి, భార్య చేతికిచ్చాడు.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. ఆమె నడుస్తుంటే గుత్తి గలగలమంది, అతను నడుస్తుంటే ఏ చప్పుడూ లేదు. మెట్ల దగ్గర ఆమె ఆగిపోయింది. ఇందాకటి నుంచీ పని కోసం బిగపట్టుకున్నదంతా అప్పుడు మొహంలోకి వచ్చింది.

"ఆ మాట నాకు ఇంట్లో ఎప్పుడో చెప్పకూడదా?" అంది.

"చెబితే ఏం చేసేదానివి?"

"పరీక్ష తప్పేదాన్ని."

అతను ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు. ఆమె నిజంగానే తప్పేది. తెలిసిన జవాబులన్నీ తప్పు రాసి, ఇంటికొచ్చి, "నా వల్ల కాలేదండీ" అని మళ్ళీ చీపురు పట్టుకునేది. అతను లోలోపల సంతోషించి, పైకి ఓదార్చేవాడు. ఇవాళ అంతమంది పిల్లలూ గొలుసు చుట్టిన తలుపు ముందు కిరీటాలు పెట్టుకుని కూర్చునేవారు.

"అయితే చెప్పకపోవడమే మంచిదైంది" అన్నాడు తాళాలయ్య.